డేటాబేస్ భద్రంగా ఉండాలి, పనీ ఆగకూడదు: యాక్సెస్ ఏర్పాటుకు సమగ్ర మార్గదర్శి

మార్కెటింగ్‌లో పనిచేసే అమ్మాయికి ఒక లెక్క కావాలి. గత మూడు నెలల్లో షుగర్ టెస్టు చేయించుకున్నవాళ్లు ఏ ఊళ్లో ఎంతమంది? టికెట్ పెట్టింది. మేనేజర్ అప్రూవల్, ఐటీ అప్రూవల్, ఆపైన డేటాబేస్ చూసుకునే డీబీఏకి ఖాళీ దొరికేదాకా ఎదురుచూపు. రివ్యూ మీటింగ్ చూస్తే రేపే. "అన్నా, ఒక్కసారి తీసి పెట్టవా" అని తెలిసిన డెవలపర్‌ని అడిగింది. అతను పేషెంట్ల టేబుల్ మొత్తాన్ని ఎక్సెల్‌లోకి దింపి వాట్సాప్‌లో పంపేశాడు. ఆమెకు కావాల్సింది పాతిక ముప్ఫై వరసల లెక్క. ఫోన్‌లోకి వచ్చింది మాత్రం వేలమంది పేర్లు, నంబర్లు, టెస్టు రిజల్టులు.

ఈ ఇద్దరిలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కంపెనీలో సెక్యూరిటీ పాలసీ కూడా లేకపోలేదు. ఆ పాలసీ ప్రకారం వెళ్తే పని మూడు రోజులు, అడ్డదారిలో వెళ్తే ఐదు నిమిషాలు, అంతే తేడా. కాబట్టి ఈ మార్గదర్శిలో ప్రతి అడుగునూ ఒకే ప్రశ్నతో కొలుస్తాను: సరైన దారిలో డేటా దొరకడానికి పట్టే సమయం, అడ్డదారిలో పట్టే సమయం కంటే తక్కువేనా? కాకపోతే ఎన్ని నిబంధనలు రాసినా కాగితం మీదే ఉంటాయి.

ఇది కొత్త మాట కాదు. జెరోమ్ సాల్జర్, మైకేల్ ష్రోడర్ 1975లో రాసిన పరిశోధన పత్రంలో భద్రతకు ఎనిమిది సూత్రాలు చెప్పారు. ఎవరికైనా పనికి అవసరమైనంత మేరకే అధికారం ఇవ్వాలన్నది అందులో ఒకటి, దీన్ని ప్రతి ఆడిటరూ వల్లిస్తాడు. రక్షణ ఏర్పాటు వాడేవాళ్లకు తేలికగా ఉండాలి, ఆలోచించకుండానే సరిగ్గా వాడేలా ఉండాలి అన్నదీ అదే జాబితాలో ఉంది. దాన్ని మాత్రం ఎవరూ గుర్తుంచుకోరు.

ఉదాహరణకు ఒక డయాగ్నొస్టిక్ ల్యాబుల సంస్థను ఊహించుకుందాం. హెడ్డాఫీసు హైదరాబాద్‌లో, విజయవాడ, వరంగల్, కర్నూలులో శాఖలు, రెండొందల మంది ఉద్యోగులు, పోస్ట్‌గ్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే డేటాబేస్. మీది మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ అయినా పద్ధతి ఇదే. తేడా ఉన్నచోట చెబుతాను.

మొదటి అడుగు: ఇప్పుడు జరుగుతున్నది చూడండి

ఏదీ ఆపకముందు రెండు వారాలు ఊరికే గమనించండి. కనెక్షన్ల లాగ్ ఆన్ చేసి, ఏ లాగిన్ ఏ ఐపీ నుంచి, ఏ టూల్‌తో వస్తోందో రాసుకోండి. ఒకే లాగిన్ ఐదారు ల్యాప్‌టాప్‌ల నుంచి వస్తుంటే అది అందరూ పంచుకుంటున్న పాస్‌వర్డ్ అన్నమాట. "రిపోర్ట్స్", "అడ్మిన్", "టెంప్" లాంటి పేర్లున్న లాగిన్లు సాధారణంగా ఈ కోవలోవే.

లాగ్ చెప్పనిది మనుషులు చెబుతారు. ప్రతి టీమ్‌లో ఇద్దరు ముగ్గురితో కూర్చుని ఒకటే అడగండి: పోయినసారి డేటా అవసరమైనప్పుడు నిజంగా ఎలా తెచ్చుకున్నారు, ఎంతసేపు పట్టింది? దీనివల్ల ఎవరి మీదా చర్య ఉండదని ముందే, పై మేనేజర్ చేతే చెప్పించండి. లేకపోతే అందరూ పాలసీలో ఉన్నదే మీకు అప్పజెబుతారు. ఎవరికి ఏ లెక్క కావాల్సి వచ్చింది, ఎన్ని గంటలు, రోజులు పట్టింది అన్నది ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి. చివర్లో వాటితో పనుంది.

రెండో అడుగు: టేబుళ్లను కాదు, కాలమ్‌లను వేరు చేయండి

"పేషెంట్ల టేబుల్ సున్నితమైనది" అనేస్తే ఎవరి పనీ సాగదు. అందులో ఊరు, వయసు, నమోదైన తేదీ అందరికీ పనికొచ్చేవి. పేరు, ఫోన్, చిరునామా కొందరికే. టెస్టు రిజల్టు ఇంకా తక్కువమందికి. మూడు తరగతులు చాలు: ఉద్యోగులందరూ చూడదగినవి, పని ఉన్నవాళ్లే చూడాల్సినవి, చూసిన ప్రతిసారీ నమోదు కావాల్సినవి. ఐదారు తరగతులు పెట్టిన చోట ఏది దేనిలోకి వస్తుందో తేల్చడానికి మీటింగులు నడుస్తాయి తప్ప పని నడవదు.

మూడో తరగతిలోకి ఏం వెళ్లాలో కొన్నిసార్లు చట్టమే చెబుతుంది. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం 2017 ప్రకారం ఆ వివరాల గోప్యత, డేటా రక్షణ సంస్థ బాధ్యత. ఇక డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 కింద, తగిన భద్రతా ఏర్పాట్లు లేక డేటా బయటికి పోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. మేనేజ్‌మెంట్‌ని బడ్జెట్ అడిగేటప్పుడు ఈ అంకె పనికొస్తుంది.

మూడో అడుగు: మనిషికి లాగిన్, పనికి రోల్

లాగిన్ ప్రతి మనిషికీ విడిగా ఉండాలి. అధికారాలు మాత్రం మనిషికి కాదు, పనికి ఇవ్వాలి. ఫ్రంట్ డెస్క్, ల్యాబ్ టెక్నీషియన్, బిల్లింగ్, అనలిస్ట్, సపోర్ట్, డెవలపర్ అంటూ లాగిన్ లేని గ్రూప్ రోల్స్ (ఒక్కో పనికి కావాల్సిన అధికారాల కట్టలు) చేసి, మనుషుల్ని వాటిలో చేర్చండి. ఎవరైనా టీమ్ మారితే ఒక రోల్ తీసి ఇంకోటి ఇస్తే సరిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో రోల్స్ 8.0 నుంచి ఉన్నాయి. అంతకన్నా పాతది వాడుతుంటే ముందు అప్‌గ్రేడ్ సంగతి చూడండి.

కాగితం మీద ఇదంతా సాఫీగానే ఉంటుంది. చిక్కు వచ్చేది నాలుగు చోట్ల, అవి ముందే తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఒకటి, కొత్త టేబుల్. డెవలపర్లు సోమవారం కొత్త టేబుల్ చేర్చారు, మంగళవారం అనలిస్టులందరికీ "పర్మిషన్ డినైడ్". కొత్త టేబుళ్లకు అధికారాలు వాటంతటవే వచ్చే డిఫాల్ట్ ప్రివిలెజెస్ ముందే పెట్టాం కదా అనుకుంటారు. పోస్ట్‌గ్రెస్‌లో ఆ సెట్టింగ్ ఏ రోల్ పేరు మీద పెట్టారో, ఆ రోల్ సృష్టించిన టేబుళ్లకే వర్తిస్తుంది. మైగ్రేషన్ (టేబుళ్లను చేర్చే, మార్చే స్క్రిప్ట్) ఇంకో లాగిన్‌తో నడిస్తే అది పనిచేయదు. మైగ్రేషన్లన్నీ ఒకే రోల్‌తో నడపండి, డిఫాల్ట్‌లు ఆ రోల్‌కే పెట్టండి. ఇది చేయని చోట పొద్దున్నే వచ్చే ఒత్తిడికి తట్టుకోలేక ఎవరో ఒకరు అందరికీ సూపర్‌యూజర్, అంటే అన్ని అధికారాలూ, ఇచ్చేస్తారు. తర్వాత దాన్ని ఎవరూ తీయరు.

రెండు, కాలమ్ స్థాయి అధికారాలు. ఫోన్ నంబర్ కాలమ్ ఒక్కటి ఇవ్వకుండా మిగతావి ఇవ్వొచ్చు. కానీ అప్పుడు "సెలెక్ట్ స్టార్" (అన్ని కాలమ్‌లూ ఇవ్వు) అని కొట్టగానే మొత్తం క్వెరీ ఎర్రర్‌తో ఆగిపోతుంది, చాలా టూల్స్ వెనకాల అదే కొడతాయి. దీనికంటే ఆ కాలమ్ లేని వ్యూ (పేరు పెట్టి దాచిన క్వెరీ) తయారుచేసి, వ్యూ మీద అధికారం ఇవ్వడం మేలు. వాడేవాళ్లకు అది మామూలు టేబుల్‌లాగే ఉంటుంది, అసలు టేబుల్ వాళ్ల చేతికి రాదు.

మూడు, శాఖల విభజన. విజయవాడ వాళ్లు విజయవాడ వరసలే చూడాలంటే పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఉన్న రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరసలు కనిపించాలో టేబుల్ మీద పాలసీగా రాసే ఏర్పాటు) సరిపోతుంది. అయితే టేబుల్ యజమాని అయిన రోల్‌కి ఆ పాలసీ మామూలుగా వర్తించదు, ఫోర్స్ చేయాలి. పైగా వ్యూ మామూలుగా దాని యజమాని అధికారంతో నడుస్తుంది. అంటే టేబుల్ మీద పాలసీ పెట్టినా, యజమాని చేసిన వ్యూ ద్వారా కర్నూలు వరసలు విజయవాడ వాళ్లకు కనిపించొచ్చు. దీనికి పోస్ట్‌గ్రెస్ 15లో సెక్యూరిటీ ఇన్వోకర్ అనే ఆప్షన్ తెచ్చారు, కానీ అది పెడితే చూసేవాళ్లకు అసలు టేబుల్ మీదా అధికారం ఉండాల్సి వస్తుంది. కాబట్టి ఒక్కో వ్యూ దేనికోసమో తేల్చుకోండి: కాలమ్ దాచడానికా, వరసలు దాచడానికా? మైఎస్‌క్యూఎల్‌లో ఇలాంటి ఏర్పాటు లేదు, శాఖ షరతు పెట్టిన వ్యూలే దిక్కు.

నాలుగు, ఉద్యోగం మానేసినవాళ్లు. హెచ్‌ఆర్ జాబితాకీ డేటాబేస్ లాగిన్లకీ సంబంధం లేకపోతే వాళ్ల లాగిన్లు ఏళ్లతరబడి బతికే ఉంటాయి. కంపెనీ లాగిన్‌తోనే డేటాబేస్ లాగిన్ నడిచేలా కలపండి. ఉద్యోగికి గుర్తుంచుకోవాల్సిన పాస్‌వర్డ్ ఒకటి తగ్గుతుంది, మీకు మూసేయాల్సిన తలుపు ఒకటి తగ్గుతుంది. రెండు పక్షాలకూ ఒకేసారి లాభం వచ్చే పనులు చాలా తక్కువ. అందుకే దీన్ని వాయిదా వేయకండి.

నాలుగో అడుగు: చదివేవాళ్లకు వేరే చోటు చూపించండి

నా లెక్కలో ఈ మార్గదర్శిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ అడుగే. డేటాబేస్ యాక్సెస్ అడిగేవాళ్లలో ఎక్కువమందికి ఏదీ మార్చాల్సిన అవసరం ఉండదు. చూస్తే చాలు. వాళ్లను ప్రొడక్షన్ ప్రైమరీ (అసలు పని నడిచే ప్రధాన సర్వర్) నుంచి పక్కకు తీసుకెళ్తే వాదనల్లో చాలావరకు అక్కడే సద్దుమణుగుతాయి.

అనలిస్టులకు రీడ్ రెప్లికా, అంటే చదవడానికి మాత్రమే పనికొచ్చే ప్రైమరీ నకలు, ఇవ్వండి. అందులో ఎవరూ ఏమీ రాయలేరు. స్ట్రీమింగ్ రెప్లికా (ప్రైమరీలోని మార్పులు ఎప్పటికప్పుడు వచ్చి చేరే నకలు) అయితే ప్రైమరీలో చేసిన రోల్స్, వ్యూలు అందులోనూ అవే ఉంటాయి, రెండుసార్లు చేయక్కర్లేదు. ఎవరు ఏ సర్వర్‌కి కనెక్ట్ కావచ్చన్నది మాత్రం ఒక్కో సర్వర్‌లో ఉండే హెచ్‌బీఏ ఫైల్ నిర్ణయిస్తుంది. కాబట్టి అనలిస్ట్ రోల్‌ని ప్రైమరీలో నిరాకరించి, రెప్లికాలో మాత్రమే రానివ్వొచ్చు.

రెప్లికా ఇచ్చిన వారంలో ఒక ఫిర్యాదు వస్తుంది: "క్వెరీ మధ్యలో తెగిపోతోంది". ప్రైమరీలో పాత వరసల్ని శుభ్రం చేసినప్పుడు, వాటినే చదువుతున్న రెప్లికా క్వెరీని పోస్ట్‌గ్రెస్ కొంతసేపు ఆగి రద్దు చేస్తుంది. ఆ గడువు డిఫాల్ట్‌గా 30 సెకన్లు. రిపోర్టుల కోసమే పెట్టిన రెప్లికా అయితే ఆ గడువు పెంచండి. డేటా కాస్త ఆలస్యంగా వస్తుందని వాడేవాళ్లకు చెప్పండి. ఇది సరిచేయకపోతే వాళ్లు నేరుగా ప్రైమరీకే యాక్సెస్ అడుగుతారు, ఆ అడగడంలో న్యాయం కూడా ఉంటుంది.

క్వెరీ రాయడం రాని వాళ్లకు మెటాబేస్ లాంటి రిపోర్టుల టూల్‌లో తరచూ అడిగే లెక్కలు ముందే తయారుచేసి పెట్టండి. మొదటి అడుగులో రాసుకున్న షీట్ ఇక్కడ పనికొస్తుంది. చాలాచోట్ల పదిహేను ఇరవై ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. మొదట్లో చెప్పిన అమ్మాయి అడిగిన లెక్క కూడా అలాంటిదే, దానికి టికెట్టే అక్కర్లేదు. ఒక జాగ్రత్త: చిన్న ఊళ్లో అరుదైన టెస్టు చేయించుకున్నవాళ్లు ఇద్దరే ఉంటే, పేరు లేకపోయినా అక్కడివాళ్లకు అదెవరో తెలిసిపోతుంది. ఐదుగురికన్నా తక్కువ ఉన్న చోట అంకె చూపించకుండా పెట్టండి.

డెవలపర్ల అవసరం వేరు. వాళ్లకు నిజమైన మనుషులు అక్కర్లేదు, నిజం లాంటి డేటా కావాలి. వారానికోసారి మాస్క్ చేసిన (అసలు వివరాల బదులు మారు వివరాలు పెట్టిన) కాపీ దానంతటదే తయారయ్యేలా పెట్టండి. మాస్కింగ్‌లో పొరపాట్లు ఎక్కువగా రెండు రకాలు. మొదటిది, అన్ని నంబర్లనీ తొమ్మిదులతో నింపేయడం. అప్పుడు అప్లికేషన్‌లోని తనిఖీలు పనిచేయవు, బగ్ మళ్లీ రప్పించడం కుదరదు, డెవలపర్ అసలు డంప్ (డేటా మొత్తం కాపీ) అడుగుతాడు. ఫోన్ నంబర్ పది అంకెలుగానే ఉండాలి, ఒక మనిషికి అన్ని టేబుళ్లలో ఒకే మారు నంబర్ రావాలి. లేకపోతే జాయిన్లు (టేబుళ్లను కలిపే క్వెరీలు) తెగిపోతాయి.

రెండోది, నంబర్‌ని మామూలుగా హ్యాష్ చేసి (ఒక సూత్రంతో అర్థం కాని కోడ్‌గా మార్చి) మాస్క్ అయిపోయిందనుకోవడం. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 మధ్య అంకెతో మొదలయ్యే పది అంకెలు, అంటే మొత్తం 400 కోట్లే. వాటన్నిటి హ్యాష్‌లూ లెక్కగట్టి పోల్చడం మామూలు కంప్యూటర్‌కి కూడా పెద్ద పనేం కాదు. రహస్య కీతో చేసే హ్యాష్ అయిన హెచ్‌మ్యాక్ వాడండి, ఆ కీ డెవలపర్లకు అందని చోట ఉంచండి.

ఐదో అడుగు: మార్చే అధికారం కాసేపటికే

ప్రొడక్షన్‌లో మార్పులు చేసే అధికారం ఎవరికీ శాశ్వతంగా ఉండనక్కర్లేదు. కానీ రాత్రి రెండింటికి రిపోర్టులు ఆగిపోయి, ఆసుపత్రులు ఎదురుచూస్తుంటే, ఆన్‌కాల్‌లో ఉన్న మనిషి మేనేజర్‌ని నిద్రలేపి అనుమతి అడగాలంటే కుదరదు. ఇలా పెట్టండి: కారణం ఒక వాక్యంలో రాస్తే రెండు గంటల అధికారం వెంటనే వస్తుంది. అదే క్షణంలో టీమ్ చానెల్‌లో అందరికీ మెసేజ్ పోతుంది. ఆ సెషన్‌లో నడిచిన ప్రతి క్వెరీ నమోదవుతుంది. మర్నాడు పొద్దున ఎవరో ఒకరు దాన్ని చదువుతారు. ముందు అనుమతి కోసం ఆపడం కంటే, తర్వాత తప్పకుండా చూస్తారన్న ఎరుకే ఎక్కువ పనిచేస్తుంది.

గడువు విషయంలో ఒక మెలిక ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో "వ్యాలిడ్ అంటిల్" అని తేదీ పెడితే గడువు తీరేది పాస్‌వర్డ్‌కి మాత్రమే. అప్పటికే తెరిచి ఉన్న సెషన్ కొనసాగుతుంది, ఇచ్చిన రోల్ కూడా పోదు. కాబట్టి గడువు తీరిన రోల్‌ని వెనక్కి తీసుకుని, ఆ సెషన్లను తెంచే చిన్న జాబ్ ఒకటి నిమిష నిమిషానికీ నడవాలి.

మామూలు లాగిన్లకు "రీడ్ ఓన్లీ" డిఫాల్ట్‌గా పెట్టండి. మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌లో "సేఫ్ అప్‌డేట్స్" ఆన్ చేస్తే "వేర్" షరతు (ఏ వరసలో చెప్పేది) లేని అప్‌డేట్‌నీ డిలీట్‌నీ ఒప్పుకోదు. ఆ ఆప్షన్‌కి ఇంకో పేరు "ఐ యామ్ ఎ డమ్మీ", పెట్టినవాళ్లకు హాస్యం ఎక్కువే. వీటిని వాడేవాళ్లే ఆఫ్ చేసుకోవచ్చు, కాబట్టి ఇవి దొంగల్ని ఆపవు. చెయ్యి జారడాన్ని ఆపుతాయి.

చెయ్యి జారితే ఏమవుతుందో 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌ల్యాబ్‌లో అందరూ చూశారు. రాత్రి పొద్దుపోయాక రెప్లికేషన్ సమస్య సరిచేస్తున్న ఇంజినీరు, సెకండరీ సర్వర్ అనుకుని ప్రైమరీలో డేటా డైరెక్టరీ తుడిచేశాడు. ఆపేలోపే దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్‌లు చూస్తే అవి చాన్నాళ్లుగా పనిచేయడంలేదు, ఫెయిలైనట్టు వచ్చే మెయిళ్లూ ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణపు కాపీ) ఉంది. ఆ మధ్యలోని ఆరు గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు. ఆ సంస్థ జరిగిందంతా దాచకుండా బయటపెట్టింది.

ఆ ఇంజినీరుకు అధికారం ఉంది, ఉండాల్సిందే. ఇంకో అప్రూవల్ పెట్టి ఉన్నా అది వచ్చేది. అక్కడ కావాల్సింది ప్రైమరీ టెర్మినల్ ఎర్రగా, పేరు పెద్దగా కనిపించడం, బ్యాకప్‌ని నెలకోసారైనా నిజంగా రీస్టోర్ చేసి చూడడం. ఈ రెండూ ఎవరి పనినీ ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయవు.

ఆరో అడుగు: అప్రూవల్స్ తగ్గించండి

రోజుకు ఇరవై అప్రూవల్స్ వచ్చే మేనేజర్ ఏదీ చదవడు, ఫోన్‌లో వరసగా నొక్కుకుంటూ పోతాడు. మొదటి తరగతి డేటాకి అప్రూవల్ వద్దు. రెండో తరగతికి రోల్‌లో చేరేటప్పుడు ఒక్కసారి చాలు. మూడో తరగతికి మాత్రం ప్రతిసారీ ఉండాలి, ఇచ్చేది ఐటీ కాదు, ఆ డేటా సంగతి తెలిసిన విభాగం. రిజల్టులు ఎవరు చూడాలో ల్యాబ్ హెడ్ చెప్పాలి. డీబీఏకి ఆ విషయం ఎలా తెలుస్తుంది?

మూడు నెలలకోసారి చేసే సమీక్షలో కూడా మేనేజర్లకు పెద్ద జాబితా పంపకండి. తొంభై రోజులుగా వాడని అధికారాలను మాత్రమే ఏరి, ఆ ఉద్యోగికే మెసేజ్ పంపండి: "ఇది వాడటం లేదు, వచ్చే వారం తీసేస్తున్నాం, మళ్లీ కావాలంటే ఇక్కడ నొక్కండి." తిరిగి దొరుకుతుందన్న నమ్మకం ఉంటే పోగొట్టుకోవడానికి ఎవరూ గొడవపడరు.

ఏడో అడుగు: లాగ్, కానీ ఎంత?

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం భద్రతా ఘటన తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి, సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. పైన చెప్పిన 2023 డేటా చట్టం కింద 2025 నవంబరులో వచ్చిన నియమాలు ఏడాదిపాటు ఉంచమంటున్నాయి. దాంతో కొందరు ప్రతి క్వెరీనీ లాగ్ చేసేస్తారు. డిస్క్ నిండుతుంది, డేటాబేస్ నెమ్మదిస్తుంది, ఎవరూ చదవరు. పోస్ట్‌గ్రెస్‌కి జోడించే పీజీఆడిట్‌లో ఎంచుకున్న టేబుళ్లు, కాలమ్‌ల మీద మాత్రమే నిఘా పెట్టొచ్చు. మూడో తరగతి కాలమ్‌లకు అది పెట్టండి. ఇవి కాక కనెక్షన్లు, అధికారాల మార్పులు నమోదైతే చాలు.

లాగ్‌లోకి క్వెరీలు యథాతథంగా వెళ్తాయి, వాటిలో పేషెంట్ల ఫోన్ నంబర్లూ ఉంటాయి. క్వెరీగా రాసి పాస్‌వర్డ్ మారిస్తే అది కూడా అందులో పడుతుంది. లాగ్ ఉన్న చోటుకి మూడో తరగతి డేటాకి ఉన్నంత కాపలా ఉండాలి.

పాస్‌వర్డ్‌ల గురించి ఎక్కువ చెప్పను. ప్రతి నెలా మార్చమని అడగొద్దు. లీకైన ఆనవాలు లేకుండా గడువు పెట్టి మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. వేరే పరికరంతో రెండో తనిఖీ పెట్టండి, మార్పు మానేయండి. ఉద్యోగులు మీకు దండం పెడతారు.

ఎనిమిదో అడుగు: ఏ వరసలో మొదలుపెట్టాలి

ఒక టీమ్‌తో మొదలుపెట్టండి, అనలిస్టులైతే మంచిది. ముందు రెప్లికా, వ్యూలు సిద్ధం చేసి, వాళ్లు రెండు వారాలు వాడాక, వాళ్ల నోటితో "బాగానే ఉంది" అన్నాక పాత యాక్సెస్ తీయండి. ముందు తీసేసి తర్వాత కొత్తది ఇస్తామంటే, ఆ మధ్యలోనే ఎక్సెల్ షీట్లు పుట్టుకొస్తాయి.

నెలనెలా మూడు అంకెలు చూడండి. అడిగిన దగ్గర్నుంచి డేటా అందేదాకా మామూలుగా పడుతున్న సమయం, పాత షీట్‌లో ఉన్నదానితో పోల్చి. అత్యవసర అధికారం ఎన్నిసార్లు తీసుకున్నారు. పంచుకుంటున్న లాగిన్లు ఇంకా ఎన్ని ఉన్నాయి. రెండో అంకె పెరుగుతుంటే ఎవరినీ మందలించకండి, ఆ కారణాలు వరసగా చదవండి. సపోర్ట్ టీమ్ వారానికి నాలుగుసార్లు బిల్లు స్టేటస్ మార్చడానికే అత్యవసరం వాడుతుంటే, వాళ్లకు కావాల్సింది స్క్రీన్ మీద ఒక బటన్, డేటాబేస్ యాక్సెస్ కాదు.

మూడు విషయాల్లో మాత్రం ఎంత ఒత్తిడి వచ్చినా నేను మెత్తబడను. అందరూ పంచుకునే పాస్‌వర్డ్ వద్దు. అసలు డేటా డంప్ ల్యాప్‌టాప్‌లో వద్దు. అప్లికేషన్ సూపర్‌యూజర్‌గానో టేబుళ్ల యజమానిగానో కనెక్ట్ కావొద్దు. చివరిది చాలా కంపెనీల్లో మొదటి రోజు నుంచీ అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే దానివల్ల ఎవరికీ ఇబ్బంది కనిపించదు. వెబ్‌సైట్‌లో ఒక్క ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం (ఫారంలో క్వెరీ ముక్కలు టైప్ చేసి డేటాబేస్‌తో నడిపించగలిగే లోపం) ఉన్నా, లోపలికి వచ్చినవాడికి ఆ అధికారాలన్నీ దక్కుతాయి. అప్లికేషన్‌కి వేరే రోల్ చేసి, దానికి కావాల్సిన టేబుళ్లే ఇచ్చి, ముందు టెస్ట్ సర్వర్‌లో ఒక వారం నడిపి చూడండి. ఏ పర్మిషన్ తక్కువైందో ఎర్రర్ లాగ్ చెబుతుంది, అవి చేర్చుకుని ప్రొడక్షన్‌కి మార్చండి. ఇందులో ఏ ఉద్యోగి పనీ ఆగదు కాబట్టి, మిగతా అడుగుల కోసం ఎదురుచూడకుండా దీన్ని ఈ వారమే మొదలుపెట్టొచ్చు.